మీకు తెలుసా? కుళాయి వెనక అప్పులు, గ్రాంట్లు

వీధిలో రోడ్డు తవ్వి కొత్త పైపు వేస్తుంటే అందరం అడిగేది ఒక్కటే: ఎప్పటికి పూడుస్తారు? పక్కన పాతిన బోర్డు మీద పథకం పేరు, అంచనా వ్యయం, కాంట్రాక్టరు పేరు కనిపిస్తాయి. ఆ కోట్లలో గ్రాంటు ఎంత, అప్పు ఎంత, ఆ అప్పు ఎవరు ఎన్నేళ్లు కడతారు అన్నది మాత్రం ఆ బోర్డు చెప్పదు. తాగునీటికీ మురుగునీటికీ పెట్టే డబ్బు ఎక్కడి నుంచో బయల్దేరి, కొన్ని షరతులు వెంటబెట్టుకుని మన వీధికి చేరుతుంది. అవి తెలిస్తే కొత్త ట్యాంకు కట్టినా నీళ్లు రోజు విడిచి రోజే ఎందుకొస్తున్నాయో, కోట్లు పోసి కట్టిన మురుగు శుద్ధి కేంద్రం సగమే ఎందుకు నడుస్తోందో చాలావరకు అర్థమవుతుంది.

సగం, మూడో వంతు, పావు

ఊరు పెద్దదయ్యేకొద్దీ కేంద్రం ఇచ్చే వాటా తగ్గుతుంది. 2021 అక్టోబరు 1న మొదలైన కేంద్ర పట్టణ నీటి మిషన్ అమృత్ 2.0 కింద లక్ష లోపు జనాభా ఉన్న పట్టణానికి నీటి పథకం ఖర్చులో సగం కేంద్రం భరిస్తుంది. లక్ష నుంచి పది లక్షల మధ్య ఉంటే మూడో వంతు. పది లక్షలు దాటిన నగరానికి పావు వంతే.

లెక్క వేసి చూద్దాం. ఎనభై వేల జనాభా ఉన్న మున్సిపాలిటీ 60 కోట్లతో పథకం పెట్టుకుంటే 30 కోట్లు ఢిల్లీ నుంచి రావాలి. మిగతా 30 కోట్లు రాష్ట్రం, మున్సిపాలిటీ కలిసి సర్దుకోవాలి. ఢిల్లీ డబ్బయినా ఒక్కసారే రాదు. 20, 40, 40 శాతం చొప్పున మూడు విడతలుగా వస్తుంది. ముందు విడత ఎలా ఖర్చయిందో చూపే వినియోగ పత్రాలు (యూసీలు) వెళ్లాకే తర్వాతి విడత కదులుతుంది. పనులు మధ్యలో ఆగి, పైపులు రోడ్డు పక్కన ఎండకు ఎండుతూ కనిపించాయంటే, రావాల్సిన వాటా ఏదో ఎక్కడో ఆగిందేమో అడగాల్సిందే.

ఈ మిషన్ మొత్తం అంచనా 2,99,000 కోట్లు. అందులో కేంద్రం వాటా 76,760 కోట్లు. అంటే నాలుగో వంతుకు కాస్త పైన. మిగిలిందంతా రాష్ట్రాలు, పట్టణాలు, అప్పులు, ప్రైవేటు పెట్టుబడులు.

గ్రాంటు పైపు వేస్తుంది, మోటారు నడపదు

ఈ శీర్షిక మొత్తంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. పట్టణ నీటి పథకాలకు వచ్చే కేంద్ర సాయం ప్రధానంగా నిర్మాణానికే. ట్యాంకు, పంపు హౌస్, పైపులైను, శుద్ధి కేంద్రం కట్టుకోవచ్చు. రిబ్బను కత్తిరించిన మర్నాటి నుంచి కరెంటు బిల్లు, పటిక, క్లోరిన్, కాలిపోయిన మోటారుకు కొత్త వైండింగు, పగిలిన జాయింటు, తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి వాల్వు తిప్పే మనిషి జీతం, అన్నీ ఊరి ఖాతాలోవే. ఎంత పెద్ద పథకం కడితే ఆ నెలవారీ ఖర్చు అంత పెరుగుతుంది. శంకుస్థాపన వార్తలో నిర్మాణ వ్యయం పెద్దక్షరాల్లో వస్తుంది. ఏటా నడిపే ఖర్చు చివరి పేరాలో కూడా ఉండదు. ఉండాలి.

దొర్లి వచ్చిన నీరు, ఎత్తి తెచ్చిన నీరు

1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచాక ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ తయారయ్యాయి. వరద అడ్డుకోవడానికి కట్టిన ఈ రెండూ నగరానికి తాగునీళ్లు కూడా ఇచ్చాయి. ఆ నీళ్లు పల్లానికి వాటంతట అవే దొర్లుకుంటూ ఫిల్టర్ బెడ్లకు చేరతాయి. మోటారు పని దాదాపు లేదు.

ఇవాళ నగరం తాగేది ఎక్కువగా కృష్ణ, గోదావరి నీళ్లు. కృష్ణ నీరు నాగార్జునసాగర్ వెనక జలాల నుంచి అక్కంపల్లి రిజర్వాయరుకు, అక్కడి నుంచి కోదండాపూర్ శుద్ధి కేంద్రానికి వస్తుంది. ఆ తర్వాత నాసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ దశల్లో ఎత్తుకుంటూ సాహెబ్‌నగర్ దాకా తేవాలి. దారి పొడవు సుమారు 116 కిలోమీటర్లు. గోదావరి నీరు ఎల్లంపల్లి నుంచి సుమారు 186 కిలోమీటర్లు రావాలి. రెండు నదులూ నగరం కన్నా కింద ఉన్నాయి కాబట్టి ప్రతి లీటరునూ కరెంటు పెట్టి ఎత్తాల్సిందే. హైదరాబాద్ నీటి బోర్డు జలమండలి ఖర్చుల్లో కరెంటు బిల్లుదే పెద్ద పద్దు. పైపులకు తెచ్చిన అప్పు ఏదో ఒక ఏడాదికి తీరిపోతుంది. ఈ బిల్లుకు ఆఖరి వాయిదా అంటూ ఉండదు.

2021 జనవరి నుంచి హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా నీళ్లు ఉచితం. బిల్లు సున్నా వచ్చినా ఆ నీళ్లు ఎత్తడానికి అయ్యే ఖర్చు సున్నా కాదు. వినియోగదారుడు కట్టనిది ప్రభుత్వ ఖజానా జలమండలికి కట్టాలి. పేదింటికి నీళ్లు ఉచితంగా ఇవ్వడం సరైనదే. ఆ బాకీ మాత్రం నెలనెలా బోర్డుకు చేరాలి, లేకపోతే మరమ్మతులు వాయిదా పడతాయి, కలుషిత నీరు ముందుగా చేరేది ఆ పేదింటికే.

దుర్వాసన తెచ్చిన అప్పు

1858 ఎండాకాలం. లండన్ నగరం మురుగంతా థేమ్స్ నదిలో కలుస్తోంది. నది ఒడ్డునే ఉన్న పార్లమెంటు భవనంలో కూర్చోలేక కిటికీ తెరలను సున్నపు క్లోరైడులో ముంచి కట్టారు. ఏళ్ల తరబడి నలుగుతున్న మురుగు కాల్వల ప్రతిపాదన కొద్ది వారాల్లో చట్టమైంది. ఆగస్టు 2న ఆమోదముద్ర పడింది.

ఆ చట్టంలో అసలు సంగతి డబ్బు. మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ 30 లక్షల పౌండ్ల దాకా అప్పు తెచ్చుకోవచ్చు. పూచీ బ్రిటిష్ ఖజానాది. తీర్చడానికి లండన్ ఇళ్ల మీద పౌండు విలువకు మూడు పెన్నీల చొప్పున నలభై ఏళ్ల పాటు పన్ను. ఇంజనీరు జోసెఫ్ బాజల్‌జెట్ ఆ డబ్బుతో 82 మైళ్ల ప్రధాన మురుగు కాల్వలు వేశాడు. డబ్బు చాలక తర్వాత మరికొంత అప్పు తేవాల్సి వచ్చింది. కలరా అప్పటికే వేలమందిని పొట్టన పెట్టుకుంది, అయినా చట్టం కదిలింది వాసన సభ్యుల ముక్కుకు తగిలాకే. అప్పు కట్టిన తరం పోయినా ఆ కాల్వలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

పూచీ లేకుండా తెచ్చిన మొదటి వంద కోట్లు

మన దేశంలో మున్సిపాలిటీ తన ఇష్టం వచ్చినట్టు అప్పు చేయలేదు. 1914 నాటి స్థానిక సంస్థల రుణాల చట్టం కాలం నుంచీ ప్రభుత్వ అనుమతి ఉండాల్సిందే. 1997లో బెంగళూరు కార్పొరేషన్ 125 కోట్ల బాండ్లు అమ్మినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం హామీ ఉంది. మరుసటి ఏడాది, 1998లో, అహ్మదాబాద్ కార్పొరేషన్ 100 కోట్లు రాష్ట్ర హామీ లేకుండానే తెచ్చింది. వడ్డీ 14 శాతం. డబ్బు వెళ్లింది తాగునీరు, మురుగు పారుదల పనులకు. అంతకుముందు కొన్నేళ్లు ఆ నగరం ఊళ్లోకి వచ్చే సరుకు మీద వేసే ఆక్ట్రాయి వసూళ్లు, ఇంటి పన్ను బకాయిలు గట్టిగా రాబట్టి ఖాతాలు చక్కబెట్టుకుంది. ఆ వసూళ్ల లెక్క చూసే మదుపరులు నమ్మారు.

పని మొదలుకాకముందే వడ్డీ

పుణె కార్పొరేషన్ 2017 జూన్‌లో 7.59 శాతం వడ్డీకి 200 కోట్ల బాండ్లు అమ్మింది. ఇరవై నాలుగు గంటల నీటి పథకానికి అది తొలి విడత. డబ్బు చేతికొచ్చాక ఆ పనుల టెండర్లు రద్దయ్యాయి. డబ్బు బ్యాంకు డిపాజిట్లలో కూర్చుంది, బాండ్ల వడ్డీ మాత్రం తేదీ తప్పకుండా కట్టాల్సి వచ్చింది. సవివర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్), భూమి, అనుమతులు, టెండరు, ఈ నాలుగూ సిద్ధం కాకుండా అప్పు తెస్తే ఊరికి ముందుగా చేరేది నీరు కాదు, వడ్డీ.

పదమూడు మంది కలిసి రాసిన పత్రం

చిన్న మున్సిపాలిటీ ఒంటరిగా బాండ్లు అమ్మబోతే కొనేవాడు దొరకడు. రేటింగు తెప్పించుకునే ఖర్చే తలకు మించుతుంది. తమిళనాడు దీనికో దారి కనిపెట్టింది. 2002-03లో పదమూడు చిన్న పట్టణ సంస్థల నీటి, మురుగు పనుల అప్పులను ఒకే నిధిలో కట్టగట్టి 30 కోట్లకు పైగా బాండ్లు అమ్మారు. వడ్డీ 9.2 శాతం, గడువు 15 ఏళ్లు. అసలులో సగానికి అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ పూచీ పడింది. ఒక ఊరు వాయిదా తప్పితే కాపాడే ఏర్పాటు నిధిలోనే ఉంది. స్వయం సహాయక సంఘంలో పదిమంది అక్కచెల్లెళ్లు ఒకరికొకరు పూచీ ఉండి బ్యాంకు అప్పు తెచ్చుకున్నట్టే.

2005లో కర్ణాటక బెంగళూరు శివారులోని ఎనిమిది పురపాలికలకు ఇదే పద్ధతిలో 100 కోట్లు తెచ్చింది. పన్ను మినహాయింపు ఉండటంతో వడ్డీ 5.95 శాతానికే దొరికింది.

ముందు డిపాజిట్, తర్వాత డ్రైనేజీ

చెన్నై విమానాశ్రయానికి దగ్గర్లో ఆలందూరు ఉంది. ఇప్పుడది చెన్నై కార్పొరేషన్లో భాగం, 1990లలో విడి మున్సిపాలిటీ. జనాభా లక్షన్నరకు దగ్గర. ఇళ్లన్నిటికీ సెప్టిక్ ట్యాంకులు, వాటిని తోడే లారీలు, వానొస్తే వీధిలోకి పొంగే మురుగు. భూగర్భ డ్రైనేజీ కావాలని అందరికీ ఉంది, డబ్బు లేదు.

మున్సిపాలిటీ ప్రజల దగ్గరకే వెళ్లింది. ఇంటికి ఐదు వేల రూపాయలు, దుకాణాలూ సంస్థలకు పది వేలు ముందుగా డిపాజిట్ కట్టమంది. అప్పటికి ఒక్క మ్యాన్‌హోలు కూడా తవ్వలేదు. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంటికి ఐదు వేలు చిన్న మొత్తం కాదు. చైర్మన్, కౌన్సిలర్లు, కాలనీ సంఘాలు వీధివీధికీ తిరిగి సమావేశాలు పెట్టారు. ఎంత ఖర్చవుతుంది, ఎంత అప్పు వస్తుంది, మీరెంత కట్టాలి అని లెక్క విప్పి చెప్పారు. జనం కట్టారు. ఆ డిపాజిట్ల బలంతో తమిళనాడు పట్టణాభివృద్ధి నిధి సంస్థల నుంచి రుణం వచ్చింది. మురుగు శుద్ధి కేంద్రాన్ని ప్రైవేటు సంస్థలు తమ డబ్బుతో కట్టి, నడిపి, శుద్ధి చేసిన మురుగుకు రుసుము తీసుకునే ఒప్పందం కుదిరింది. ఆ సంస్థల్లో ఒకటి మన హైదరాబాద్‌కు చెందిన ఐవీఆర్‌సీఎల్.

దేశంలో మురుగు పథకాలకు అప్పులు ఎలా పుట్టాలో చెప్పేటప్పుడు ఆలందూరు పేరు ఇప్పటికీ వస్తుంది. నన్ను కదిలించేది అప్పు ఏర్పాటు కన్నా ఆ సమావేశాలు. పన్ను కట్టేవాడికి ముందే లెక్క చూపించారు. మన ఊళ్లలో వార్డు సభ పెట్టి డీపీఆర్ చదివి వినిపించిన సందర్భాలు ఎన్ని?

డాలరు పెరిగితే భారం ఎవరిది?

ఆంధ్రప్రదేశ్‌లో లక్ష లోపు జనాభా ఉన్న 50 పట్టణాల తాగునీటికీ, సెప్టిక్ ట్యాంకు వ్యర్థాల శుద్ధికీ 2018లో ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు 40 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం బీజింగ్‌లో ఉంది.

రాష్ట్రం నేరుగా విదేశీ బ్యాంకుతో అప్పు పత్రం రాసుకోలేదు. ఒప్పందం మీద కేంద్రం సంతకం చేసి, డబ్బును రాష్ట్రానికి అందిస్తుంది. ఒకప్పుడు ఇలాంటి డబ్బులో 70 శాతం అప్పుగా, 30 శాతం గ్రాంటుగా రాష్ట్రాలకు ఇచ్చేవారు. పన్నెండో ఆర్థిక సంఘం సిఫార్సు తర్వాత 2005 నుంచి పద్ధతి మారింది. విదేశీ బ్యాంకు ఏ వడ్డీకి, ఏ గడువుకి ఇచ్చిందో అదే వడ్డీ, అదే గడువు రాష్ట్రానికి వర్తిస్తాయి. మారకం రేటు భారమూ రాష్ట్రానిదే. 2018 సెప్టెంబరులో డాలరు 72 రూపాయల చుట్టుపక్కల ఉండేది. ఆ తర్వాత 85 దాటింది. అప్పుడు తెచ్చిన ఒక్కో డాలరు అసలు తీర్చాలంటే పదమూడు రూపాయలు పైగా అదనం. తక్కువ వడ్డీ అనగానే చవక అప్పు అనుకోకూడదు, ఈ తేడా కూడా కలిపి చూడాలి.

ఇంటి పన్ను రసీదు ఒకసారి చూడండి

ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ఇంటి పన్ను ఒకే ముద్ద కాదు. సాధారణ పన్ను, నీటి-డ్రైనేజీ పన్ను, దీపాల పన్ను, పారిశుద్ధ్య పన్ను కలిస్తే అది. కుళాయి ఉన్నవాళ్లు నెలవారీ నీటి రుసుము విడిగా కడతారు. హైదరాబాద్‌లో నల్లా బిల్లులో నీటి చార్జీ మీద 35 శాతం సీవరేజీ సెస్సు ఉంటుంది. మనం స్నానాల గది నుంచి వదిలేసే నీళ్లను నగరం ఆ సెస్సుతోనే ఎత్తి, శుద్ధి చేయాలి.

పన్ను పెంచితేనే గ్రాంటు

పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 మధ్య పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్లు సిఫార్సు చేసింది. పది లక్షలు దాటని పట్టణాలకు వచ్చే దానిలో 60 శాతం తాగునీరు, వాననీటి సంరక్షణ, పారిశుద్ధ్యానికే వాడాలి. విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాద్ లాంటి పది లక్షలు దాటిన నగరాలకు విడిగా సవాలు నిధి పెట్టింది.

షరతులు రెండు పెట్టింది. మున్సిపాలిటీ ఖాతాలు ఆన్‌లైన్లో అందరికీ కనిపించాలి. ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించి, వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి పెరిగిన మేరకైనా ఏటా పెరగాలి. లేకపోతే గ్రాంటు రాదు.

ఇలాంటి షరతే 2020లోనూ వచ్చింది. కరోనా దెబ్బకు ఖజానాలు ఖాళీ అయిన ఆ ఏడాది కేంద్రం రాష్ట్రాలకు అదనపు అప్పు తెచ్చుకునే వీలిచ్చింది. అందులో స్థూల ఉత్పత్తిలో 0.25 శాతం మేర అప్పు కావాలంటే పట్టణ సంస్కరణలు పూర్తిచేయాలి. అంటే ఆస్తి పన్నుకూ, నీటి, మురుగు చార్జీలకూ కనీస రేట్లు ప్రకటించాలి. 2021లో ఆంధ్రప్రదేశ్ ఇంటి పన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు మార్చింది. ఏటా పెంపు 15 శాతం దాటకుండా పరిమితి పెట్టింది. అప్పట్లో వీధుల్లో జరిగిన వాదనలన్నీ పన్ను పెంపు చుట్టూనే తిరిగాయి. దానికీ రాష్ట్రానికి దొరికే అప్పుకూ ఉన్న ముడి జనానికి ఎవరూ సరిగా చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

72,368లో 20,236

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాల నుంచి రోజూ వచ్చే మురుగు 72,368 ఎంఎల్‌డీ. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. కట్టి ఉన్న శుద్ధి కేంద్రాల సామర్థ్యం 31,841 ఎంఎల్‌డీ. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 మాత్రమే.

మొదటి రెండు అంకెల మధ్య తేడా కొత్తగా కట్టాల్సింది. చివరి రెండింటి మధ్య తేడా మరింత బాధాకరం. అది ఇప్పటికే డబ్బు పోసి కట్టీ పూర్తిగా వాడుకోలేకపోయింది. ప్రధాన మురుగు పైపు వీధి చివరిదాకా వచ్చి, ఇంటి నుంచి దాని దాకా కలిపే చిన్న పైపు వేయకపోవడం ఒక కారణం. ఆ చిన్న పైపు ఖర్చు ఇంటివాళ్లదా, మున్సిపాలిటీదా అన్నది తేలక శుద్ధి కేంద్రానికి మురుగే సరిపడా రాదు. కరెంటు బిల్లు కట్టలేక మోటార్లు ఆపేయడం ఇంకో కారణం. శుద్ధి కానిదంతా చెరువుకో, కాల్వకో, నదికో పోతుంది. కింది ఊరికి అదే తాగునీటి వనరు.

నలభై ముందు, అరవై తర్వాత

కట్టి వదిలేసే జబ్బుకు గంగా శుద్ధి కార్యక్రమంలో ఒక మందు ప్రయత్నించారు. 2017 అక్టోబరులో వారణాసిలోని రమణా, హరిద్వార్ శుద్ధి కేంద్రాలకు కుదిరిన ఒప్పందాల్లో నిర్మాణ సమయంలో కాంట్రాక్టరుకు ఇచ్చేది ఖర్చులో 40 శాతమే. మిగతా 60 శాతం తర్వాత 15 ఏళ్ల పాటు వడ్డీతో వాయిదాలుగా. బయటికి వచ్చే నీరు నిర్ణీత ప్రమాణంలో ఉంటేనే చెల్లింపు నిండుగా వస్తుంది. హైబ్రిడ్ యాన్యుటీ అనే ఈ పద్ధతిలో కాంట్రాక్టరు తెచ్చిన అప్పు తీరాలంటే శుద్ధి కేంద్రం పదిహేనేళ్లూ నడవాలి.

హైదరాబాద్‌లో 2021లో రాష్ట్ర ప్రభుత్వం 3,866 కోట్లతో 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలు మంజూరు చేసింది. వాటి సామర్థ్యం రోజుకు 125 కోట్ల లీటర్లకు పైనే. మూసీ గతి మారాలంటే అవి కట్టడంతో సరిపోదు, ఏడాది పొడవునా నిండా నడవాలి.

తిరిగొచ్చి మళ్లీ వెళ్లే డాలరు

అమెరికా 1972లో స్వచ్ఛ జల చట్టం తెచ్చినప్పుడు ఊళ్ల మురుగు శుద్ధి కేంద్రాలకు ఖర్చులో 75 శాతం దాకా కేంద్ర గ్రాంటు ఇచ్చేది. 1987లో ఆ దారి మార్చింది. గ్రాంటుకు బదులు ప్రతి రాష్ట్రంలో ఒక చక్రనిధి పెట్టింది. కేంద్రం ఐదు డాలర్లు వేస్తే రాష్ట్రం ఒక డాలరు కలుపుతుంది. ఊళ్లకు మార్కెట్ కన్నా తక్కువ వడ్డీకి అప్పిస్తారు. ఒక ఊరు తీర్చిన వాయిదా మరో ఊరికి అప్పుగా వెళ్తుంది. 1996లో తాగునీటికీ ఇలాంటి నిధే వచ్చింది.

టెక్సాస్‌లో 2013 నవంబరులో ఓటర్లు రాష్ట్ర పొదుపు నిధి నుంచి 200 కోట్ల డాలర్లు తీసి నీటి పథకాల రుణనిధికి మూలధనంగా పెట్టడానికి ఆమోదం తెలిపారు. డాలస్ శివార్లలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే ఫ్రిస్కో, ప్లేనో ప్రాంతాలకు నీళ్లిచ్చే సంస్థ బోడార్క్ సరస్సును ఎక్కువగా ఈ రుణంతోనే కట్టింది. 2023 నుంచి ఆ నీళ్లు అందుతున్నాయి. అక్కడ నెలనెలా కట్టే నీటి బిల్లులో ఆ వాయిదా కూడా ఉంది.

అదే దేశంలో అప్పు మెడకు చుట్టుకున్న చోటు అలబామా రాష్ట్రంలోని జెఫర్సన్ కౌంటీ. నదిలోకి పొంగుతున్న మురుగును ఆపమని 1996లో కోర్టు ఒప్పందం కుదిరింది. కౌంటీ భారీగా బాండ్లు అమ్మింది, తర్వాత వాటిని మారే వడ్డీ ఒప్పందాల్లోకి మార్చింది. 2008 సంక్షోభంలో వడ్డీలు ఎగబాకాయి. 2011 నవంబరులో కౌంటీ దివాలా పిటిషన్ వేసింది. మొత్తం బాకీ 400 కోట్ల డాలర్లకు పైన, అందులో 300 కోట్లకు పైగా మురుగు పైపులవే. లంచాల కేసుల్లో అధికారులు జైలుకెళ్లారు. బిల్లుల భారం పేద వాడల మీద పడింది.

72 నుంచి 6కి

కంబోడియా రాజధాని నాంఫెన్‌లో 1993 నాటికి శుద్ధి చేసిన నీటిలో 72 శాతం లీకేజీల్లో, దొంగ కనెక్షన్లలో పోయేది. ఎక్ సోన్ చాన్ నగర నీటి సంస్థ పగ్గాలు పట్టి ప్రతి కనెక్షన్‌కూ మీటరు పెట్టాడు, పెద్దల ఇళ్లనూ వదల్లేదు. విదేశీ గ్రాంట్లు, రుణాలతో పైపులు మార్చారు. నష్టం 6 శాతం దగ్గరకు దిగింది, రుణ వాయిదాలు బిల్లుల డబ్బుతోనే తీరాయి. 2006లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

మురుగు అమ్మి తీర్చే అప్పు

నాగపూర్ కార్పొరేషన్ మురుగు శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిని కోరాడి థర్మల్ విద్యుత్ కేంద్రం వాడుకుంటోంది. ఆ ప్రాజెక్టుకు అప్పటి కేంద్ర పట్టణ పథకం జేఎన్ఎన్‌యూఆర్ఎం గ్రాంటు తోడయింది. సూరత్‌లో 2014 నుంచి పాండేసరా బట్టల మిల్లులకు శుద్ధి చేసిన మురుగునీరు అమ్ముతున్నారు. ఘాజియాబాద్ 2021లో 8.1 శాతం వడ్డీకి 150 కోట్ల హరిత బాండ్లు అమ్మింది. పరిశ్రమలకు పనికొచ్చేలా మురుగును మరో దశ శుద్ధి చేసే కేంద్రం కోసం ఆ డబ్బు. విద్యుత్ కేంద్రాలూ ఫ్యాక్టరీలూ ఈ నీళ్లు కొన్నంత మేరా నదినీళ్లు ఊళ్లకు మిగులుతాయి. విశాఖ లాంటి పారిశ్రామిక నగరానికి ఇంతకన్నా అక్కరకొచ్చే దారి నాకు కనిపించదు.

చిన్న ఊళ్లకో కొత్త నిధి

2023-24 బడ్జెట్‌లో పట్టణ మౌలిక వసతుల అభివృద్ధి నిధి ప్రకటించారు. ఏటా 10,000 కోట్లు, నిర్వహణ నేషనల్ హౌసింగ్ బ్యాంకుది. ప్రాధాన్య రంగాలకు ఇవ్వాల్సినంత అప్పివ్వని బ్యాంకుల లోటు సొమ్మే ఇందులోకి వస్తుంది. రెండో, మూడో శ్రేణి పట్టణాల పనులకు బ్యాంకు రేటు కన్నా ఒకటిన్నర శాతం తక్కువ వడ్డీకి రుణం.

పదివేలతో మీరూ నగరానికి అప్పివ్వొచ్చు

ఇందోర్ నగరం తాగే నర్మదా నీరు సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని జలూద్ నుంచి ఎత్తి తేవాలి. నెలకు కోట్లలో కరెంటు బిల్లు. 2023 ఫిబ్రవరిలో ఆ కార్పొరేషన్ 244 కోట్ల హరిత బాండ్లు అమ్మింది. వడ్డీ 8.25 శాతం. వచ్చిన డబ్బుతో జలూద్‌లోనే 60 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం కట్టి పంపింగ్ బిల్లు తగ్గించుకోవాలన్నది ఉద్దేశం. పైపుల కోసం అప్పు చేసిన నగరాలు చాలా ఉన్నాయి, ఈ నగరం నెలవారీ ఖర్చు తగ్గించుకోవడానికి చేసింది.

అంతవరకు మున్సిపల్ బాండ్లు కొనేది బ్యాంకులు, బీమా సంస్థలు, ఫండ్లు. ఇందోర్ మామూలు మనుషులకూ తలుపు తెరిచింది. కనీసం పదివేల రూపాయలుంటే చాలు. మొదట అడిగిన దానికి దాదాపు ఆరు రెట్లు దరఖాస్తులు వచ్చాయి.